పాఠం నడిచిన దారి

రాత్రిబడిలో చదివిన ఒక కథ నెల్లూరు మెట్టలో సారా దుకాణాన్ని మూయించింది, రాష్ట్ర ఖజానాను కుదిపేసింది. ఆ ఊరున్న రాష్ట్రమే ఇప్పుడు అక్షరాస్యతలో అట్టడుగున నిలిచింది

కావలిలో రైలు దిగి పడమటికి తిరిగితే నెల్లూరు జిల్లా రంగు మారిపోతుంది. నెల్లూరు అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి పెన్నా కాలువలు, పచ్చటి మడులు, సన్నబియ్యం. అవన్నీ తూర్పున, సముద్రం వైపు. కలిగిరి, వింజమూరు మీదుగా ఉదయగిరికి పోయే దారిలో కనిపించేది మెట్ట. వాన పడితే పంట, లేకపోతే వలస. రోడ్డుకు అటూ ఇటూ పొగాకు బ్యారన్లు, అక్కడక్కడా చెరువులు. కలిగిరిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. సీజన్‌లో బేళ్లు వరుసగా పేర్చి కిలోకు ఇంత అని పాడుతుంటే చుట్టుపక్కల రైతుల ఏడాది బతుకు ఆ వరుసలో తేలిపోతుంది.

ఇంకా ముందుకు పోతే ఉదయగిరి కొండ. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. కొండ కింద ఊళ్లో కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కే పనివాళ్లున్నారు. ఈ వైపు వచ్చే కొద్దిమంది యాత్రికులు ఆ కోట చూసి, నాలుగు చెంచాలు కొనుక్కుని వెనక్కి వెళతారు. నడుమ కలిగిరి మండలంలోని దూబగుంట దగ్గర ఆగేవాళ్లు దాదాపు ఉండరు. ఆగి చూడాల్సిన కట్టడమేదీ అక్కడ లేదు మరి. కానీ గత యాభై ఏళ్ల ఆంధ్రదేశ చరిత్రలో ఉదయగిరి దుర్గం కన్నా ఈ ఊరికే ఎక్కువ చోటు దక్కాలి. ఇక్కడ ఓడిపోయింది గజపతులు కారు, ఆబ్కారీ శాఖ. గెలిచినవాళ్లలో చాలామంది అంతకు కొన్ని నెలల ముందే అ, ఆలు నేర్చుకున్నారు.

లాంతరు వెలుగులో

కథ 1991లో మొదలైంది. జాతీయ అక్షరాస్యత మిషన్‌ను కేంద్రం 1988లో ప్రారంభించింది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా పేరు తెచ్చుకుంది. జీతాలిచ్చి పంతుళ్లను పెట్టకుండా, చదువుకున్న కుర్రకారునే ఊరూరా స్వచ్ఛందంగా నిలబెట్టి, పాటలతో, వీధి నాటకాలతో కళాజాతాలు నడిపిన పద్ధతి అది. అది పనిచేస్తుందని తేలాక జిల్లాల మధ్య పోటీలాంటిది మొదలైంది. ఆ వరుసలో నెల్లూరు ‘అక్షర దీపం’ వెలిగించింది.

లక్ష్యం మరీ గొప్పదేమీ కాదు. నిమిషానికి ముప్పై మాటలు పైకి చదవగలగాలి, ఏడు మాటలు చూసి రాయగలగాలి, నూరు దాకా అంకెలు రావాలి. అలా వస్తే అక్షరాస్యులే. మొత్తం మీద రెండు వందల గంటల చదువు. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల లోపు వాళ్ల కోసం ఉద్దేశించినా, ఊళ్లలో పుట్టిన తేదీ కాగితాలు చూసి ఎవరినీ వెనక్కి పంపలేదు. పగలంతా కలుపులు తీసి, ఇంటికొచ్చి సంగటి కెలికి, పిల్లలకు పెట్టి, ఆ తర్వాత పలకా బలపం పట్టుకుని లాంతరు దగ్గర చేరినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అందులోనూ కూలిపనికి పోయే ఇళ్ల ఆడవాళ్లు. 1991 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో చదవడం రాయడం వచ్చిన మహిళలు నూటికి ముప్పై ముగ్గురే. మెట్ట పల్లెల్లో కూలి ఇళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

మగవాళ్లు ఎందుకు రాలేదు? ఆ వేళకు వాళ్లు ఎక్కడుండేవారో ఊళ్లో అందరికీ తెలుసు.

ఒకే సర్కారు, రెండు ప్యాకెట్లు

సారా అప్పట్లో చాటుమాటు సరుకు కాదు, సర్కారు సరుకు. ఏటా జిల్లా కేంద్రంలో వేలం పాట జరిగేది. పాట పాడుకున్న కాంట్రాక్టరు ఆ డబ్బు రాబట్టుకోవడానికి ఊరూరా దుకాణం పెట్టించేవాడు. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో సారాను చిన్న చిన్న ప్యాకెట్లలోకి మార్చాక పని మరింత సులువైంది. సీసా అక్కర్లేదు, దుకాణం దాకా నడవనక్కర్లేదు. ప్యాకెట్ సంచిలో పడి పొలం గట్టు దాకా వచ్చింది, ఇంటి గుమ్మం దాకా వచ్చింది. అరువు కూడా దొరికేది. మంచినీళ్ల ట్యాంకరు రాని ఊళ్లకు సారా జీపు తప్పకుండా వస్తుందన్నది ఆ రోజుల్లో మెట్టలో చేదుగా చెప్పుకున్న మాట. 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఆబ్కారీ రాబడి 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఆ డబ్బులో పెద్ద భాగం రోజుకూలీల జేబుల్లోంచి వచ్చిందే.

ఇక్కడే ఒక తమాషా ఉంది. పగలు జీపులో ప్యాకెట్లు పంపిందీ, రాత్రి పలకలు పంచిందీ ఒకే సర్కారు. ఒక శాఖ చేసేది ఇంకో శాఖకు తెలియకపోవడం మన పాలనలో మామూలే. అరుదుగా మాత్రమే దాని వల్ల జనానికి మేలు జరుగుతుంది. నెల్లూరులో జరిగింది అలాంటిదే.

అక్షర దీపం వాచకం రాసినవాళ్లు ‘అల, వల, తల’తో సరిపెట్టలేదు. చదివేవాళ్ల బతుకుల్లో ఉన్న సంగతులే పాఠాలు చేశారు. అందులో ఒకటి ‘సీతమ్మ కథ’. తాగుడు సంసారాన్ని తినేస్తుంటే ఒక ఇల్లాలు తోటి ఆడవాళ్లను కూడగట్టి ఊళ్లో సారా దుకాణం మూయించిన కథ. రాసినవాళ్లకు అది ఒక పాఠం. లాంతరు చుట్టూ కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివినవాళ్లకు అందులో కొత్త సంగతేమీ లేదు, ఆ ముగింపు తప్ప. ఇంట్లో ఎవరికి వారు ఒంటరిగా పడిన ఏడుపు అందరిదీ ఒకటేనని, దాన్ని అచ్చులో కూడా వేస్తారని అక్కడే తెలిసింది.

నిజానికి రాత్రిబడి చేసిన పెద్ద పని అక్షరాలు నేర్పడం కాకపోవచ్చు. పెళ్లికో చావుకో తప్ప ఒకచోట చేరే వీలు లేని ఆడవాళ్లకు రోజూ ఒక గంట కలిసి కూర్చునే సాకు అది. బడికి పోతున్నానంటే కాదనడం కష్టం. పైగా కలెక్టరుగారే పెట్టించిన బడి.

రూపాయి రూపాయి వేసుకుని

దూబగుంట ఆడవాళ్లు ముందు ఊరి పెద్దల దగ్గరకే వెళ్లారు. పని జరగలేదు. అప్పుడు నూరుమంది దాకా కట్టగట్టుకుని ఊరి పొలిమేరకు నడిచారు. మొదట ఎదురైంది కల్లు బండి. కల్లు పారబోయమన్నారు. నష్టం వస్తుందని బండివాడు మొత్తుకుంటే తలా ఒక రూపాయి వేసుకుని ఆ నష్టం తామే కట్టిస్తామన్నారు. ఈ చిన్న వివరం ముఖ్యమైంది. వాళ్ల కోపం బండి తోలేవాడి మీద కాదు, వాడి పొట్ట కొట్టడం వాళ్ల ఉద్దేశం కాదు. ఆ తర్వాత వచ్చింది సారా జీపు. దాన్ని చుట్టుముట్టారు. కాంట్రాక్టరు బెదిరింపులకు కదల్లేదు, కలెక్టరుకు చెబుతామన్నారు. దుకాణం మూతపడింది.

ఈ నడకకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ ఆ తర్వాత దూబగుంట రోశమ్మగానే రాష్ట్రమంతా తెలిసింది. ఇంటిపేరు పోయి ఊరిపేరు రావడం మన దగ్గర కవులకు, రౌడీలకు జరుగుతుంది. రాత్రిబడిలో చదువు మొదలుపెట్టిన ఒక పల్లెటూరి ఆడమనిషికి జరగడం అరుదు.

ఇంతవరకే అయితే ఇది ఒక ఊరి కథగా మిగిలేది. అక్షరాస్యత కార్యక్రమం రెండో దశ వాచకం తయారుచేస్తున్నవాళ్లు దూబగుంటలో జరిగినదాన్నే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పేరుతో పాఠం చేశారు. కల్లు బండీ, తలా ఒక రూపాయీ, సారా జీపూ అన్నీ అందులో ఉన్నాయి. ఈ విజయం చదువు వల్లే వచ్చిందని ఆ ఆడవాళ్లే చెప్పినట్టుగా ఉంటుంది. పాఠం చదివి ఒక ఊరు కదిలింది, ఆ ఊరు మళ్లీ పాఠమై జిల్లాలోని రాత్రిబళ్లన్నిటికీ వెళ్లింది. సీతమ్మ కల్పిత పాత్ర. దూబగుంట మాత్రం బస్సెక్కి వెళ్లి చూడగలిగిన ఊరు. మిగతా పల్లెల మీద అది చూపిన ప్రభావం ఇంతా అంతా కాదు.

1992 నడుమకల్లా మెట్టంతా కదిలింది. చీపుళ్లు, కారప్పొడి ఆయుధాలయ్యాయి. ప్యాకెట్లు గుట్ట పోసి తగలబెట్టారు. తాగి వచ్చిన మగవాళ్లకు జరిమానాలు వేశారు. గుండు గీయించి గాడిద మీద ఊరేగించిన ఉదంతాలూ ఉన్నాయి. ఆ శిక్షలు న్యాయమా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది, ఇప్పటికీ వేసుకోవచ్చు. ఏళ్ల తరబడి తన్నులు తిన్నవాళ్లు న్యాయశాస్త్రం చదివి రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది వేలం పాటల వేళకు ఊళ్ల నుంచి మహిళలు నెల్లూరుకు తరలి వచ్చి అడ్డుకున్నారు. పాట వాయిదా పడింది, మళ్లీ పెడితే మళ్లీ పడింది. మహిళా సంఘాలు, వామపక్షాలు, హక్కుల సంఘాలు, ప్రతిపక్షం, పత్రికలు తలా ఒక చెయ్యి వేశాయి. మొదట కదిలినవాళ్లు మాత్రం వీళ్లెవరూ కారు.

కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. వారుణి వాహినిని ఊరూరా పారించిందీ ఆయన ప్రభుత్వమేనని ఆ రోజు గుర్తు చేసినవాళ్లు తక్కువ. రెండేళ్లు గడిచాక 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తేసింది. సారా మాత్రం మళ్లీ సర్కారు సరుకు కాలేదు. దాని చోటులోకి చౌక లిక్కరు వచ్చి కూర్చుంది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వచ్చాయి. బ్రాండ్ల మీద, ధరల మీద ఎన్నికల్లో తగువులు జరిగాయి. ఖజానా మాత్రం ఆ రాబడిని వదులుకోలేదు.

ఇటుక, సైకిల్, ఉత్తరం

వాచకంలో ఏ మాట పెట్టాలన్నది ప్రపంచంలో చాలాచోట్ల రాజకీయమే. 1963లో బ్రెజిల్ ఈశాన్యాన, కరవుకు పేరుపడ్డ ఆంజికోస్ అనే చిన్న పట్నంలో పౌలో ఫ్రెయిరీ బృందం మూడు వందల మంది కూలీలకు నలభై గంటల్లో చదువు చెప్పే ప్రయోగం చేసింది. ఆయన పద్ధతిలో మొదటి మాటలు జనం నోట్లోంచి ఏరినవే. ఇటుక అన్న మాట నేర్చుకుంటూ, ఇల్లు ఎవరు కడతారు, అందులో ఎవరుంటారు అని మాట్లాడుకునేవారు. మరుసటి ఏడాది సైన్యం అధికారానికి వచ్చింది. ఫ్రెయిరీని జైల్లో పెట్టింది, ఆపై ఆయన దేశం విడిచి వెళ్లారు. అక్షరాలకు జైలు ఎందుకని అమాయకంగా అడిగేవాళ్లకు నెల్లూరు వేలం పాటల కథ చెబితే చాలు.

1961లో క్యూబా ఏడాదిలోపే ఏడు లక్షల మందికి పైగా పెద్దలకు చదువు నేర్పింది. బళ్లు మూసి, లక్షమంది విద్యార్థులను లాంతర్లతో పల్లెలకు పంపింది. చదువు వచ్చినట్టు రుజువేమిటంటే, ప్రతి ఒక్కరూ ఫిడెల్ కాస్ట్రోకు ఒక ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరాలు హవానాలోని మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. నేత పేర రాయించిన ఉత్తరాల్లో భక్తి ఎంత, బలవంతం ఎంత అన్న అనుమానం న్యాయమైనదే. కానీ ఏడు లక్షల మంది మొదటి చేతిరాతను దాచుకున్న దేశం మరొకటి కనిపించదు.

మనకు దగ్గరలోనే ఇంకో ఉదాహరణ ఉంది. తమిళనాడులోని పుదుక్కోట్టై. నెల్లూరు మెట్టకు చుట్టమనిపించే ఎండు నేల. అక్కడ 1991లో మొదలైన ‘అరివొళి ఇయక్కం’ చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిల్ తొక్కడం నేర్పింది. క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ వర్కర్లు, పరదా దాటని ఇళ్ల ముస్లిం అమ్మాయిలు సైకిలెక్కారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లు కొన్నారు. ముందున్న కమ్మీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నది వాళ్ల లెక్క. బస్సు కోసం, మొగుడి కోసం, అన్న కోసం ఎదురుచూడకుండా సంతకు పోయి రావడం ఏమిటో వాళ్లకు తెలిసింది. ఎన్ని వేల మంది అక్షరాస్యులయ్యారన్న లెక్కను పుదుక్కోట్టై బయట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. సైకిళ్లను గుర్తుపెట్టుకున్నారు.

సంతకం దగ్గర ఆగిన చదువు

మళ్లీ నెల్లూరుకు. సారా పోయాక ఇంట్లో మిగిలిన డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి పక్కన పెట్టుకునే ఉద్యమం ఈ జిల్లాలోనే లేచింది. దాని పేరు ‘పొదుపు లక్ష్మి’. ఆ తర్వాత రాష్ట్రమంతా అల్లుకుపోయిన డ్వాక్రా, వెలుగు సంఘాలకు వెనక ఆ రూపాయి ఉంది. కల్లు బండివాడి నష్టం కోసం తలా ఒకటి వేసుకుంటామన్న రూపాయికి, ఈ పొదుపు రూపాయికి చుట్టరికం ఉందనుకోవచ్చు.

చదువు మాత్రం అలా అల్లుకోలేదు. ఉద్యమం చల్లారాక రాత్రిబళ్లు మూతపడ్డాయి. జనానికి బలపం చేతికిచ్చి, ఆ తర్వాత చదవడానికి ఏమీ ఇవ్వకపోతే ఏమవుతుందో నిపుణులు చెప్పాల్సిన పని లేదు. అక్షరాలు వాడకపోతే కొడవలిలాగే తుప్పు పడతాయి. అందరికీ చివరిదాకా మిగిలింది సంతకం. సంఘం తీర్మానాల పుస్తకంలో పది సంతకాలుంటాయి. ఆ తీర్మానం రాసింది మాత్రం సంఘంలో చదువుకున్న ఒక్క అమ్మాయి. పైన ఏముందో చదవకుండా కింద పేరు రాయడం వేలిముద్రకు మెరుగేనా? బ్యాంకు అప్పు కాగితం విషయంలో కాకపోవచ్చు. వేలిముద్ర వేసేవాళ్లకు చదివి వినిపించాలన్న నియమమైనా ఉంది. సంతకం పెట్టేవాళ్లకు ఆ రక్షణ కూడా లేదు.

లెక్కలు ఇంకా మొహమాటం లేకుండా మాట్లాడతాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, దేశ సగటు 73. కేంద్రం 2023-24లో జరిపిన శ్రామిక శక్తి సర్వేలో ఏడేళ్లు దాటినవాళ్లలో దేశ సగటు దాదాపు 81 శాతానికి చేరింది. ఆంధ్రప్రదేశ్ 72.6 దగ్గర నిలిచింది. రాష్ట్రాలన్నిటిలోకీ అడుగున. బిహార్ కూడా ముందే ఉంది. తెలంగాణ పరిస్థితి కాస్త మెరుగు, గొప్పగా చెప్పుకునేంత కాదు. ఇంజనీరింగ్ కాలేజీలకు, అమెరికా వీసాలకు పేరుపడ్డ నేల ఇది. బడి ఈడు పిల్లలు దాదాపు అందరూ బడిలో ఉన్నారు కాబట్టి ఈ వెనకబాటుకు లెక్క పిల్లల్లో దొరకదు. దొరికేది వాళ్ల అమ్మమ్మల్లో, నానమ్మల్లో. 1991లో పాతికేళ్ల వయసున్న కూలి మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. ప్రభుత్వాలు వాళ్ల గురించి పైకి చెప్పని మాట ఒకటుంది. కాలం గడిస్తే ఆ అంకె దానంతటదే సర్దుకుంటుందన్నది ఆ మాట.

అలా సర్దుకోనక్కర్లేదని కేరళ చూపించింది. 2018లో అలప్పుళ జిల్లాకు చెందిన కార్త్యాయని అమ్మ 96 ఏళ్ల వయసులో అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకున్నారు. 2023లో, 101 ఏళ్లకు కన్నుమూశారు. కేంద్రం 2022 నుంచి పదిహేనేళ్లు దాటిన అందరి కోసం ‘ఉల్లాస్’ పేరుతో కొత్త కార్యక్రమం నడుపుతోంది. దాని కింద 2024లో లద్దాఖ్, 2025లో మిజోరం, గోవా, త్రిపుర సంపూర్ణ అక్షరాస్యత ప్రకటించుకున్నాయి. ఈ కొత్త వాచకాల్లో డిజిటల్ లావాదేవీలు, ఆరోగ్యం, ఓటు హక్కు ఉన్నాయి. ఉండాల్సిందే. ప్రపంచంలో చదవడం రాని 70 కోట్లకు పైగా పెద్దల్లో మూడింట రెండు వంతుల దాకా ఆడవాళ్లేనని యునెస్కో చెబుతోంది. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికి చెప్పకూడదో వాళ్లకు తెలియాలి. కానీ ‘సీతమ్మ కథ’ లాంటి పాఠం, అంటే నేర్పే సర్కారుకే ఇబ్బంది తెచ్చే పాఠం, ఒక్కటైనా అలాంటి పుస్తకంలో పడుతుందా అన్నది అనుమానమే. నెల్లూరు అనుభవం తర్వాత వాచకం రాయించే అధికారి ఏ పాఠాన్నయినా రెండుసార్లు చదివే ఉంటాడు.

రోశమ్మ 2016లో చనిపోయారు. పేరు మోగినంతగా బతుకు మారలేదు ఆమెకు. ఇప్పుడు కలిగిరి చుట్టుపక్కల పిల్లలు కావలికో నెల్లూరుకో ఆంగ్ల మాధ్యమం బళ్లకు బస్సుల్లో పోతారు. రాత్రిబడి అంటే వాళ్లకు ట్యూషన్.

నెల మొదట్లో రేషన్ ఇచ్చే చోట అందరూ ఒకే వరుసలో నిలబడతారు. డిగ్రీ చదివిన కోడలూ, రాత్రిబడిలో రెండు వందల గంటలు కూర్చున్న అత్తా, ఏ బడీ చూడని తోటికోడలూ. పలక పట్టిన ఏడాది ఏ వేలిముద్ర పోగొట్టుకోవాలని పట్టుబట్టారో ఆ వేలే ఇప్పుడు అందరూ యంత్రం మీద పెడతారు. యంత్రం కుర్రుమని ఒక చిన్న రశీదు కక్కుతుంది. దాని మీద ఎన్ని కిలోలని ఉందో చదువుకుని, సంచిలోకి చూసుకునేవాళ్లు కొందరు. మడిచి కొంగున కట్టుకుని వెళ్లేవాళ్లు కొందరు.